రెండు సూట్‌కేసులు, ఒక చేతికర్ర: లండన్ నుంచి ఎడిన్‌బరోకి ప్యాసింజర్ అసిస్ట్‌తో

మా అమ్మాయి పురుడు ఎడిన్‌బరోలో. నేను విమానం దిగింది లండన్‌లో, అబ్బాయి దగ్గర. అక్కడి నుంచి రైల్లో ఒక్కదాన్నే వెళ్లాలి. నా కుడి మోకాలికి ఆపరేషన్ అయి రెండేళ్లయింది, ఎడమది ఇంకా చేయించుకోలేదు. చదును నేల మీద కర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తాను. మెట్లు ఎక్కలేను, బరువు ఎత్తలేను. సామాను చూస్తే 23 కిలోల సూట్‌కేసులు రెండు. వాటిలో సున్నుండలు, పథ్యం కారం, నా పాత నేత చీరలతో కుట్టిన ఆరు బొంతలు.

ఆ రోజు అబ్బాయికి సెలవు దొరకలేదు. "అమ్మా, ఇక్కడ రైల్వేవాళ్లే మనిషిని ఇస్తారు, డబ్బులేమీ తీసుకోరు" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. ముందురోజు రాత్రి టెన్షన్‌తో సరిగా నిద్ర కూడా పట్టలేదు. పిల్లల దగ్గరికి వెళ్లే నా ఈడు తల్లిదండ్రులు చాలామంది ఇదే భయంతో రైలు మానేసి, ఎవరు తీసుకెళ్తారా అని ఎదురు చూస్తుంటారు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

బ్రిటన్‌లో ఈ సేవ పేరు ప్యాసింజర్ అసిస్ట్. యాప్‌లో అడగవచ్చు, లేదా 0800 022 3720కి ఫోన్ చేయవచ్చు. ప్రయాణానికి 2 గంటల ముందు వరకూ బుక్ చేసుకోవచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ చూపించనక్కర్లేదు. వీల్‌చైర్‌లో ఉండేవాళ్లకు మాత్రమే అనుకోకండి, పెద్దవయసు వాళ్లకూ, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లకూ ఉంది. అక్కడి రైళ్లలో మనిషికి రెండు పెద్ద పెట్టెలు, ఒక చేతిసంచి తీసుకెళ్లవచ్చు. నా సామాను సరిగ్గా అంతే. 60 దాటినవాళ్లు సీనియర్ రైల్‌కార్డు కొనుక్కుంటే చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. వయసు రుజువుకు మన పాస్‌పోర్టు సరిపోయింది.

బుక్ చేసేటప్పుడు అబ్బాయి "చేతికర్రతో నడుస్తుంది" అని రాసి ఊరుకున్నాడు. నేను పక్కన కూర్చుని మార్పించాను. ఎంత దూరం నడవగలను, ఎన్ని మెట్లు ఎక్కగలను, పెట్టెలు ఎన్ని, ఎంత బరువు, దిగాక ఎవరు వస్తారు, అన్నీ రాయించాను. మొహమాటపడి "పరవాలేదు, నడుస్తాను" అంటే వాళ్లు దాన్నే నమ్ముతారు. ఎవరూ నా ముఖం చూసి కష్టం కనిపెట్టరు.

లండన్‌లో రైలెక్కే కింగ్స్ క్రాస్ స్టేషన్లో జనమంతా తలెత్తి బోర్డు కేసి చూస్తూ నిలబడతారు. ప్లాట్‌ఫారం నంబరు పడగానే ఒక్కసారిగా పరుగు. ఆ తోపులాటలో నేనుంటే ఏమయ్యేదాన్నో! నన్ను మాత్రం అరగంట ముందే వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి, మిగతావాళ్లకంటే ముందుగా రైలు దగ్గరికి తీసుకెళ్లారు. రైలు గడప ప్లాట్‌ఫారం కంటే ఎత్తు, మధ్యలో సందు కూడా ఉంది. నన్ను తీసుకెళ్లిన రైల్వే కుర్రాడు ర్యాంపు వేసి, పెట్టెలు రెండూ తలుపు పక్కనున్న సామాను అరలో, నా సీటుకి కనబడేలా పెట్టాడు. వెళ్లేముందు "ఎడిన్‌బరోలో మీరు లేవకండి, మావాళ్లు లోపలికే వస్తారు" అని నిదానంగా, నాకు అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాడు. ఆ మాటతో నా గుండె కుదుటపడింది.

దాదాపు నాలుగున్నర గంటల ప్రయాణం. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీటు అడగండి. న్యూకాజిల్ దాటాక సముద్రం ఆ వైపే కనిపిస్తుంది. బెర్విక్ దగ్గర ట్వీడ్ నది మీద 1850 నాటి 28 కమానుల వంతెన దాటుతాం. ఎడిన్‌బరోలోని వేవర్లీ స్టేషన్లో రైల్వే ఉద్యోగిని ఒకామె నా పేరున్న కాగితంతో లోపలికే వచ్చింది. గేటు బయట ఎదురుచూస్తున్న అల్లుడికి పెట్టెలతో సహా అప్పగించి గానీ వెళ్లలేదు.

అయితే ప్రతిసారీ ఇలా జరగలేదు. నెల తర్వాత మా చెల్లెలి కొడుకుని చూద్దామని ఒక చిన్న ఊరికి వెళ్లాను. సాయం ముందే బుక్ చేశాం, ఎక్కించడం బాగానే ఎక్కించారు. దిగాల్సిన స్టేషన్లో మాత్రం ఎవరూ రాలేదు. రైలు ఆగేది రెండు నిమిషాలే. తలుపు దగ్గర కర్రతో నిలబడి కిందికి చూస్తుంటే కాళ్లు వణికాయి. పక్క సీటులోని ఆవిడ పరుగున వెళ్లి గార్డుని పిలుచుకొచ్చింది. ఆయనే ర్యాంపు వేసి దింపాడు. ఆవిడ లేకపోతే నేను తర్వాతి ఊరిదాకా వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు నాకు చాలా బాధ, కోపం కూడా వచ్చాయి. బుక్ చేసిన సాయం అందకపోతే పరిహారం అడిగే హక్కు ఉంటుంది. అమ్మాయి ఫిర్యాదు రాస్తే క్షమాపణ చెప్పి టికెట్ డబ్బులు వెనక్కిచ్చారు. డబ్బు రావడం సరే, ఆ రెండు నిమిషాలు నేనింకా మర్చిపోలేదు.

అప్పటి నుంచి రైలెక్కగానే గార్డుకి చెబుతున్నాను, ఎక్కడ దిగుతానో, ర్యాంపు కావాలని. ఇంగ్లీషు రానివాళ్లు ఆ రెండు వాక్యాలూ పిల్లలతో కాగితం మీద రాయించుకుని చూపిస్తే చాలు. దిగే స్టేషన్ రావడానికి పది నిమిషాల ముందు పక్కవాళ్లకు కూడా చెప్పి ఉంచుతున్నాను.

వచ్చే నెల మళ్లీ లండన్ వెళ్తాను. టికెట్‌తో పాటే సాయం కూడా బుక్ చేయించాను, ఎడమవైపు కిటికీ సీటుతో. ఈసారి సూట్‌కేసు ఒక్కటే. బొంతలు ఆరూ మనవరాలి దగ్గరే ఉండిపోతాయి.