లెక్కించి చూడటమా, నిరూపించడమా?

సంఖ్యలతో కాలక్షేపం చేసే ఔత్సాహికులకు రెండు దారులు: ఉదాహరణలు లెక్కించి చూడటం, తర్కంతో నిరూపించడం. మొదటిది సులువు, కంప్యూటర్ ఉంటే మరీనూ. కానీ నమ్మించి ముంచుతుంది. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యను, ఆపై 41ని కలపండి. 0 నుంచి 39 వరకు ప్రతిసారీ ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర 1681 వచ్చి కథ అడ్డం తిరుగుతుంది. అది 41 వర్గం. గణితవేత్త పోల్యా 1919 నాటి ఊహ ఇంకా మొండిది: 1 నుంచి 2 లేదా అంతకంటే పెద్ద ఏ సంఖ్య వరకు చూసినా, కనీసం సగం సంఖ్యలకు ప్రధాన కారణాంకాలు (మళ్లీ వచ్చినవీ లెక్కేసి) బేసి సంఖ్యలో ఉంటాయన్నది. అది మొదటిసారి తప్పేది 90,61,50,257 దగ్గర! అంతదాకా ఎవరు ఓపిక పడతారు?

నిరూపణకు ఈ బెడద లేదు. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ నాలుగు మాటల్లో తేల్చేశాడు. అయినా కొత్తవారు లెక్కింపుతోనే మొదలుపెట్టాలంటాను. ఏది నిరూపించాలో తోచేది అక్కడే. గోల్డ్‌బాక్ 1742లో లేవనెత్తిన, 2 కంటే పెద్దదైన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనా అన్న ప్రశ్నకైతే నేటికీ నిరూపణ లేదు, ఉదాహరణలే దిక్కు.