టీనా ఫే: సినిమాలోనా, టీవీలోనా?

అమెరికన్ కామెడీ రచయిత్రి, నటి టీనా ఫే రాతకు సినిమా నప్పిందా, టీవీ నప్పిందా అంటే నా ఓటు టీవీకే. 2004లో వచ్చిన ‘మీన్ గర్ల్స్’ స్క్రిప్టు ఆమెదే. తను లెక్కల టీచరుగా కనిపించి, కథనంతా స్కూలు పిల్లలకు వదిలేసింది. బిగువైన రాతే, కాదనను. కానీ గంటన్నర దాటగానే అయిపోతుంది.

ఆమె టీవీ సిరీస్ ‘థర్టీ రాక్’ అలా కాదు. 2006 నుంచి 2013 దాకా 138 ఎపిసోడ్లు. మొదటిదాంట్లోనే హాట్‌డాగ్ బండి దగ్గర ఒకడు క్యూ తప్పుతాడు. టీనా ఫే వేసిన లిజ్ లెమన్‌కు ఒళ్లు మండి, బండిలో ఉన్నవన్నీ తనే కొనేస్తుంది! సినిమాలో అయితే అదొక్క జోకు. ఇక్కడ ఆ మొండితనమే ఏడు సీజన్లు లాగింది. అయినా అమెరికన్ టీవీ కామెడీ షో ‘శాటర్‌డే నైట్ లైవ్’కు 1999లో హెడ్ రైటరైన తొలి మహిళ ఆమె, వారం వారం నవ్వించాల్సిన టెన్షన్ ఆమెకు కొత్తేం కాదు.