ఏడేళ్లుగా ఎంఎస్‌టీపీ వాడుతున్న అనుభవం

మా నెట్‌వర్క్‌లో మధ్యలో రెండు కోర్ స్విచ్‌లు, వాటి కింద కంప్యూటర్లు తగిలించే 22 యాక్సెస్ స్విచ్‌లు. ప్రతి యాక్సెస్ స్విచ్ నుంచి ఒక్కో కోర్‌కు ఒక గిగాబిట్ లింకు. ఏడేళ్ల క్రితం వరకు అన్ని వీలాన్లకూ (ఒకే తీగల మీద విడివిడిగా నడిచే నెట్‌వర్క్‌లకు) కలిపి ఒకే ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ నడిచేది. ట్రాఫిక్ లూప్‌లో తిరగకుండా అదనపు లింకులను ఆపి ఉంచే పద్ధతి ఇది. ఒకే చెట్టు కాబట్టి రెండో లింకు ఎప్పుడూ బ్లాకింగ్‌లోనే ఉండేది. మొదటి లింకు నిండిపోయి అందరూ మొత్తుకుంటుంటే పక్కనున్నది ఖాళీగా పడి ఉండటం చూడలేక మల్టిపుల్ స్పానింగ్ ట్రీకి, అంటే ఎంఎస్‌టీపీకి మారాం. కొత్త సంగతేమీ కాదు. 2002లో 802.1ఎస్‌గా వచ్చి, తర్వాత 802.1క్యూలో కలిసిపోయిన ప్రమాణమే.

ఆలోచన సులువే. వీలాన్లను గుంపులుగా చేసి గుంపుకొక చెట్టు ఇస్తాం. ఆ గుంపే ఇన్‌స్టెన్స్. ఒకటో ఇన్‌స్టెన్స్‌లో మొదటి కోర్‌కు ప్రయారిటీ 4096, రెండో కోర్‌కు 8192 ఇచ్చాను. రెండో ఇన్‌స్టెన్స్‌లో తిరగేశాను. చిన్న సంఖ్య ఉన్నదే రూట్, అంటే చెట్టుకు మొదలు, అవుతుంది కాబట్టి సగం వీలాన్లు ఒక లింకు మీదుగా, మిగతా సగం రెండో లింకు మీదుగా పోవడం మొదలైంది. ప్రమాణం ప్రకారం ఇలాంటి ఇన్‌స్టెన్స్‌లు 64 దాకా పెట్టుకోవచ్చు. 12 పెట్టినవారిని చూశాను. పైకి ఉన్న దారులే రెండైతే 12 చెట్లు ఎన్ని రకాలుగా పెరుగుతాయో నాకు అర్థం కాలేదు.

నా మొదటి తప్పు సున్నా ఇన్‌స్టెన్స్ దగ్గర జరిగింది. ఎక్కడా కేటాయించని వీలాన్లన్నీ దానిలోనే ఉంటాయి. దాన్ని తీసేయడం కుదరదు. ఒకటికీ రెండుకీ ప్రయారిటీలు ఇచ్చి దీన్ని మాత్రం మరిచిపోయాను. అన్నిటిలోనూ డిఫాల్ట్ విలువ 32768 ఉండిపోయింది. అలా సమానమైనప్పుడు మ్యాక్ అడ్రస్ (తయారీలోనే పరికరానికి ఇచ్చే సంఖ్య) చిన్నగా ఉన్న స్విచ్ గెలుస్తుంది. గెలిచింది స్టోర్ గదిలోని అన్నిటికంటే పాత స్విచ్! రెండు కోర్లూ దాన్ని రూట్‌గా ఒప్పుకుని, తమ మధ్యనున్న పది గిగాబిట్ లింకును ఆ ఇన్‌స్టెన్స్ వరకు బ్లాక్ చేసుకున్నాయి. సున్నాలో ఉన్నది స్విచ్‌లను నిర్వహించుకునే వీలాన్ ఒక్కటే కాబట్టి నాలుగు నెలల పాటు ఎవరికీ తెలియలేదు. ఆ పాత స్విచ్‌ను రీస్టార్ట్ చేసిన రోజున మిగతావన్నీ ఒక్కసారిగా నా తెర మీద కనిపించకుండా పోయాయి. అప్పుడు తెలిసింది.

ఎంఎస్‌టీపీలో అసలు చిక్కు రీజియన్, అంటే ఒకే అమరికతో నడిచే స్విచ్‌ల సమూహం. స్విచ్‌లు ఒకే రీజియన్‌లో ఉండాలంటే మూడు సరిపోవాలి: రీజియన్ పేరు, రివిజన్ సంఖ్య, ఏ వీలాన్ ఏ ఇన్‌స్టెన్స్‌లో ఉందన్న పట్టిక. పట్టిక మొత్తాన్ని స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకోవు. దాని నుంచి లెక్కగట్టిన 16 బైట్ల డైజెస్ట్‌ను, అంటే ఒక పొట్టి గుర్తును, మాత్రం బీపీడీయూలో (స్పానింగ్ ట్రీ కోసం స్విచ్‌లు పంపుకునే సందేశంలో) పెట్టి పంపుతాయి. పాడైన ఒక యాక్సెస్ స్విచ్ స్థానంలో కొత్తది పెట్టినప్పుడు, పేరులో ఒక పెద్ద అక్షరం బదులు చిన్నది పడింది. ఆ స్విచ్ తనదొక వేరు రీజియన్ అనుకుంది. ఏదీ ఆగలేదు, లూప్ రాలేదు, లాగ్‌లో హెచ్చరిక కూడా లేదు, ఎందుకంటే వేరు రీజియన్ అన్నది తప్పేమీ కాదు. కాకపోతే రీజియన్ సరిహద్దులో ఇన్‌స్టెన్స్‌ల తేడా చెల్లదు, పోర్టు అంతా ఉమ్మడి చెట్టు (సున్నా ఇన్‌స్టెన్స్) స్థితినే అనుసరిస్తుంది. కాబట్టి ఆ అంతస్తు మొత్తం మళ్లీ ఒకే లింకు మీద పడింది. సాయంత్రాలు నెమ్మదిగా ఉంటోందన్న ఫిర్యాదులతో మూడు వారాలు తంటాలు పడ్డాను. పోర్టుల జాబితాలో ఒక మూల ‘బౌండరీ’ అన్న మాట కనిపించేదాకా కేబుళ్లను అనుమానిస్తూనే ఉన్నాను. ఇప్పుడు ఏ స్విచ్‌ను ముట్టుకున్నా ముందుగా దాని డైజెస్ట్‌ను కోర్ డైజెస్ట్‌తో పోల్చుకుంటాను. కానీ డైజెస్ట్‌లో పేరు కలవదు. అందుకే పేరు, రివిజన్ విడిగా చూస్తాను.

రివిజన్ సంఖ్య గురించి ఒక మాట. పట్టిక మార్చినప్పుడు అది తానుగా పెరగదు, పెద్ద సంఖ్య ఉన్న స్విచ్ నుంచి మిగతావి నేర్చుకోవు. అదొక చీటీ, అంతే. నేను 1 పెట్టి వదిలేశాను.

పట్టిక విషయంలో మాత్రం మొదటి రోజే ఆలోచించాల్సింది. మొదట్లో కొత్త వీలాన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఇన్‌స్టెన్స్‌లో చేర్చేవాణ్ని. చేర్చిన ప్రతిసారీ డైజెస్ట్ మారుతుంది. అన్ని స్విచ్‌లకూ మార్పు చేరేలోపు రీజియన్ ముక్కలవుతూ, చెట్టు మళ్లీ మళ్లీ లెక్కగట్టుకుంటూ ఉంటుంది. ఒకసారి పనివేళల్లో చేసి చీవాట్లు తిన్నాను. రెండో ఏడాది ఒక రాత్రి కూర్చుని 2 నుంచి 2047 వరకు ఒకటిలో, 2048 నుంచి 4094 వరకు రెండులో వేసేశాను, ఇంకా పుట్టని వీలాన్లతో సహా. ఇప్పుడు కొత్త వీలాన్ ఏ లింకు మీద పోవాలో చూసుకుని దానికి తగ్గ సంఖ్య ఇస్తాను. ఆ తర్వాత పట్టికను ముట్టుకోలేదు. ఇంకా సృష్టించని వీలాన్‌ను కొన్ని స్విచ్‌లు పట్టికలో చేర్చనివ్వవు. కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇంకొకటి, ట్రంకుల (అనేక వీలాన్లను మోసే లింకుల) మీద వీలాన్లను చేత్తో కత్తిరించే అలవాటు మానుకోవాలి. ఒక్కో వీలాన్‌కు ఒక్కో చెట్టు ఉన్నప్పుడు అది చెల్లుతుంది. ఇక్కడ చెట్టు ఇన్‌స్టెన్స్‌ది. మా వాళ్లొకరు ఒక వీలాన్‌ను ఒకే ట్రంకు మీద ఉంచారు. ఆ ఇన్‌స్టెన్స్ సరిగ్గా ఆ ట్రంకునే బ్లాక్ చేసింది. రెండో ట్రంకు తెరిచే ఉంది, కానీ ఆ వీలాన్‌కు దాని మీద అనుమతి లేదు.

వేగం మీద ఫిర్యాదు లేదు. లింకు ఊడదీసి చూస్తే ఒక్క పింగ్ పోయింది, కొన్నిసార్లు అదీ పోలేదు. కంప్యూటర్లున్న పోర్టులన్నిటినీ ఎడ్జ్‌గా (అవతల స్విచ్ లేని పోర్టుగా) పెట్టి, బీపీడీయూ వస్తే పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్ వేయడం మాత్రం తప్పనిసరి.

ఈ ఏడాది కోర్లు మార్చాం. 13 స్విచ్‌లకు రెండు లింకులనూ ఒకే కట్టగా కలిపేశాం కాబట్టి వాటి అప్‌లింకుల్లో బ్లాక్ చేయడానికి ఏమీ మిగల్లేదు. మిగతా తొమ్మిది పాతవి ఇంకా రెండు ఇన్‌స్టెన్స్‌ల మీదే ఉన్నాయి. ఎంఎస్‌టీపీని తీసేద్దామా అని ఒకరు అడిగారు. గత నెలలో సమావేశ గదిలో ఎవరో ఒకే కేబుల్ రెండు కొనలనూ గోడకున్న రెండు సాకెట్లలో పెట్టి వెళ్లిపోయారు. రెండు పోర్టులు మూసుకుపోయాయి, మిగతా నెట్‌వర్క్‌కు సంగతే తెలియలేదు. తీయలేదు.