పచ్చకామెర్లు రాయనన్న లాయరు: శ్రీకాకుళంలో మా అప్పీలు అనుభవం

అప్పీలు గడువు దాటిపోయి, శ్రీకాకుళంలో లాయరు కోసం తిరుగుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మా అప్పీలు వేసిన లాయరు గారి ఆఫీసు పేరు మాత్రం రాయను. లాయర్లు ప్రకటనలు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉంది, నా పొగడ్త ఆయనకు తలనొప్పి కాకూడదు. కోర్టుకి నడిచి వెళ్లేంత దూరం. కింద జిరాక్స్ షాపు, మేడ మీద ఆఫీసు.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా అమ్మకీ పక్కింటివాళ్లకీ సందు గొడవ. సందులో కట్టిన గోడ తీసేయాలని కింది కోర్టు డిక్రీ ఇచ్చింది. తీర్పు వచ్చేసరికి అమ్మ తుంటి ఎముక విరిగి, విశాఖపట్నంలో ఆపరేషనై మంచం మీద ఉంది. అప్పటి లాయరు ఆఫీసు నుంచి ఒక్క ఫోన్ రాలేదు. గోడ తీయించమంటూ అవతలివాళ్లు వేసిన ఈపీ (డిక్రీ అమలు చేయించమనే పిటిషన్) నోటీసు ఇంటికొచ్చాకే కేసు పోయిందని తెలిసింది. జిల్లా కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులు. మాకు నాలుగు నెలలు దాటిపోయింది.

ముందు ఇంకొక చోటికి వెళ్లాం. అక్కడ గుమాస్తా కంప్యూటర్లో, ఆలస్యాన్ని మాఫీ చేయమని కోర్టుని అడిగే పిటిషన్ మేటర్ రెడీగా ఉంది, పేర్లు మార్చడమే. "నాకు పచ్చకామెర్లు వచ్చి, నాటువైద్యం తీసుకుంటూ మంచాన పడి ఉన్నందున..." అని చదువుతుంటే అమ్మ నా వైపు తిరిగి, "నాకు పచ్చకామెర్లేటే? తుంటి కదా ఇరిగింది!" అంది. కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ పచ్చకామెర్ల కథ కొత్తేం కాదు. ఆలస్యం మాఫీ పిటిషన్లలో ఎంతమందికి ఆ జబ్బు వచ్చిందో, అన్ని కాలేయాలు జిల్లాలో ఉన్నాయా అనిపిస్తుంది. లేచి వచ్చేశాం.

ఈ ఆఫీసులో లాయరు గారు మొదట అడిగింది కాగితాలు. ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, మందుల బిల్లులు, ఎక్స్‌రే, ఈపీ నోటీసు వచ్చిన కవరు, అన్నీ బల్ల మీద తేదీల వరసలో పరిచి, మూలల్లో పెన్సిల్‌తో నంబర్లు వేశారు. మధ్యలో ఒక నెలకి ఏ కాగితమూ లేదు. "ఈ నెల ఎక్కడున్నారమ్మా?" అని అడిగారు. గాజువాకలో మా పిన్ని ఇంట్లో ఉంది. అక్కడికొచ్చి ఫిజియోథెరపీ చేసిన అబ్బాయి దగ్గర రశీదు తెప్పించమన్నారు. ఉన్నదే రాస్తాను, లేనిది రాయను, రేపు అవతలి లాయరు అడిగితే మీరే చెప్పుకోవాలి అన్నారు. అఫిడవిట్ తెలుగులో చదివి వినిపించాకే సంతకం పెట్టించారు. మా పాత లాయరు వకాలత్ (కేసు లాయరుకి అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టించుకోవడమే తప్ప ఎప్పుడూ ఏమీ చదివి వినిపించలేదు.

గడువు లెక్క కూడా ఆయనే విడమరిచి చెప్పారు. తీర్పు రోజు లెక్కలోకి రాదు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులు కూడా తీసేస్తారు, కానీ కాపీ అప్లికేషన్ గడువు లోపల పెట్టి ఉండాలి. మేం గడువు దాటాక పెట్టాం కాబట్టి ఆ రోజులూ ఆలస్యంలోనే కలిశాయి. కాపీ వెనకాల అప్లికేషన్ ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది అని తేదీల ముద్ర ఉంటుంది. ఆ ముద్రని నేనైతే చూసేదాన్నే కాదు. గడువు ఆఖరి రోజు కోర్టుకి సెలవైతే తెరిచిన రోజు వేయొచ్చట.

పిటిషన్ లిమిటేషన్ యాక్ట్ (గడువుల చట్టం) సెక్షన్ 5 కింద వేశారు. కారణం సరైనదని జడ్జి గారు నమ్మితేనే మాఫీ, అది మన హక్కు కాదని ముందే చెప్పారు. 1987లో కాతీజీ కేసులో సుప్రీంకోర్టు రోజురోజుకీ లెక్క చెప్పాలనే మాటను మరీ చాదస్తంగా పట్టుకోవద్దందట. అది విని నేను ఊపిరి పీల్చుకునేలోపే, 2024 ఏప్రిల్‌లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన భూసేకరణ కేసులో 5,659 రోజుల ఆలస్యాన్ని అదే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదన్నారు. ఆశా పెట్టలేదు, టెన్షనూ పెట్టలేదు. నాకు నచ్చింది అదే.

ఇక నచ్చనివి. సాయంత్రం ఆరు అంటే ఏడున్నర. మెట్లు నిటారుగా ఉన్నాయి, తుంటి ఆపరేషనైన అమ్మని ఇద్దరు పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది. ఒక్కసారైనా కిందకి దిగి మాట్లాడొచ్చు కదా! ఫీజుకి రశీదు అడిగితేనే ఇచ్చారు. టైపింగు, జిరాక్సులు వేరే లెక్క. పైగా గుమాస్తా ఆలస్యం రోజులు ఒకటి తక్కువ వేయడంతో పిటిషన్ రిటర్న్ అయింది. సరిచేసి మళ్లీ వేశారు గానీ, ఆ పక్క ఈపీ నడుస్తుంటే ఇక్కడ వారం పోతే ఎలా ఉంటుందో వాళ్లకేం తెలుస్తుంది.

అవతలివాళ్లు కౌంటర్ (మా పిటిషన్‌కి జవాబు) వేశారు, వాయిదాలు నడిచాయి. చివరికి 2,000 రూపాయలు అవతలివాళ్లకి ఖర్చుల కింద కట్టమని ఆలస్యం మాఫీ చేశారు. ఆ డబ్బు చెప్పిన తేదీలోపు కట్టకపోతే ఆర్డరు పోతుందని గుమాస్తా గారు రెండుసార్లు ఫోన్ చేసి గుర్తుచేశారు. రిటర్న్ కోపం కాస్త తగ్గింది. ఇప్పుడు అప్పీలుకి నంబరు పడింది, స్టే పిటిషన్ మీద వాదనలు జరగాలి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు, స్టే విడిగా తెచ్చుకోవాలి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఫీజు పెట్టుకోలేని ఆడవాళ్లు ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, ఫోన్ 15100. ఈ ఆఫీసుకే వెళ్తే మాత్రం ఏడు దాటాక వెళ్లండి, ఆసుపత్రి కాగితాలు ఒక్కటీ పారేయకుండా అన్నీ పట్టుకెళ్లండి.