నార్తర్న్ లైట్స్ ఫోటోలకు సాధన: భీమిలి తీరమా, అరకు లోయా?

విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. ఇక్కడ నార్తర్న్ లైట్స్ (ఉత్తర ధ్రువానికి దగ్గర్లో రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు) కనిపించవు. కానీ నార్వేలోని ట్రోమ్సో దాకా వెళ్లేవాళ్లు చీకట్లో కెమెరా వాడటం ఇక్కడే నేర్చుకోవాలి. లక్షలు పోసి వెళ్లి, ఆకాశం వెలిగే వేళ మెనూలు వెతుక్కోవడం ఎంత బాధ!

భీమిలి విశాఖకు దగ్గరే. రాత్రికి ఇంటికొచ్చేయొచ్చు. నగరం వెలుగు నైరుతి వైపు ఉంటుంది కాబట్టి ఉత్తరానికి తిరిగితే కొంత నయం. ఉప్పుగాలికి మాత్రం లెన్స్ మాటిమాటికీ తుడవాలి.

అరకు వంద కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు, బస ఖర్చు. అయినా నా ఓటు అరకుకే. డిసెంబరు, జనవరి చలిలో వేళ్లు బిగుసుకుపోతాయి, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, లెన్స్‌కి మంచు పడుతుంది. ట్రోమ్సోలోనూ ఇవే కష్టాలు, ఇంకా గట్టిగా. అమావాస్య దగ్గర్లో వెళ్లండి. మాన్యువల్ ఫోకస్‌లో ఒక నక్షత్రాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి, అది సన్నటి చుక్క అయ్యేదాకా రింగ్ తిప్పండి. ఎఫ్ 2.8 (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 3200 (వెలుగుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె)తో మొదలుపెట్టండి. నక్షత్రాలకైతే వైడ్ లెన్స్‌తో షట్టర్ 20 సెకన్లు తెరిచి ఉంచితే సరిపోతుంది. వేగంగా కదిలే నార్తర్న్ లైట్స్‌కి అంతసేపు పెడితే వెలుగు మడతలన్నీ కలిసిపోయి ఆకుపచ్చ మరకే మిగులుతుంది. అందుకే 5 సెకన్ల ఎక్స్‌పోజర్ కూడా అలవాటు చేసుకోండి, గ్లోవ్స్ తీయకుండా డయల్ తిప్పడం కూడా.