ఇంట్లో థీమ్ కేకు: ఫాండెంటా, క్రీమా? ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

పిల్లల పుట్టినరోజు కేకులను బేకరీకి చెప్పడం మానేసి ఇంట్లోనే చేయడం మొదలుపెట్టి కొన్నేళ్లయింది. మాది కాకినాడ. ఊరి పేరు ముందుగా చెప్పడానికి కారణం ఉంది. కేకు అలంకరణ గురించి వీడియోల్లో వినిపించే సలహాల్లో చాలావరకు చలి దేశాలవో, ఏసీ గదులవో కావడం వల్ల సముద్రపు గాలిలో, ఉక్కపోతలో అవి నిలబడవు. అందువల్ల ఈ సమీక్షలో ప్రధానంగా ఫాండెంట్, నాన్ డెయిరీ విప్పింగ్ క్రీమ్ (పాలకు బదులు నూనెతో చేసి, చిలికితే పొంగే క్రీమ్) మా వాతావరణంలో ఎలా పనిచేశాయో చెబుతాను.

ఫాండెంట్ అంటే పంచదార పొడి, గ్లూకోజ్ సిరప్, జిగురు పదార్థం కలిపి తయారుచేసిన ముద్ద. అప్పడాల కర్రతో పల్చగా ఒత్తి కేకుపై కప్పితే, ఫొటోలో దానంత నున్నగా మరేదీ కనిపించదన్నది నిజమే. అయితే పంచదారకు తేమను పీల్చుకునే గుణం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని కేకుపై గాలిలోని తేమ బొట్లుగా పేరుకుని, కాసేపటికే పైపొర జిగటగా మారుతుంది, ముదురు రంగులు కారడం మొదలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టకుండా ఉంచుదామంటే లోపలి క్రీమ్ పాడవుతుంది. అదే రకం ప్యాకెట్‌ను జనవరిలో హైదరాబాద్‌లో మా చెల్లెలి ఇంట్లో వాడినప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు కనుక లోపం సరుకులో లేదని నా అభిప్రాయం. పైగా పిల్లలు ఆ మందపు పొరను ఒలిచి పళ్లెంలో వదిలేస్తారు, తినేది లోపలి కేకునే. కొన్ని రకాల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది కాబట్టి శాకాహారులు ప్యాకెట్‌పై ఆకుపచ్చ గుర్తు చూసుకుని కొనాలి.

అందుకని ఇప్పుడు ఫాండెంట్‌ను చిన్న బొమ్మలకే పరిమితం చేశాను. పావు కిలో ముద్దకు సుమారు ఒక టీస్పూను సీఎంసీ పొడి (ముద్దను బిగుసుకునేలా చేసే తినదగిన జిగురు పొడి) కలిపి పిసికితే బొమ్మలు ఆరి గట్టిపడతాయి. వాటిని రెండు మూడు రోజుల ముందే చేసి, ఫ్రిజ్‌లో కాకుండా గాలి తగిలేచోట ఆరబెట్టి, కేకు కోయడానికి కాస్త ముందు మాత్రమే క్రీమ్‌పై నిలబెట్టాలి. ముందే పెడితే క్రీమ్‌లోని తడికి కాళ్లు కరుగుతాయి.

కేకు పైభాగమంతా నాన్ డెయిరీ క్రీమ్‌తోనే కప్పుతున్నాను. ఇది ఎక్కువగా గడ్డకట్టిన స్థితిలో దొరుకుతుంది, దాన్ని మైనస్ 18 డిగ్రీల వద్ద నిల్వ చేయాలి. ముందురోజు రాత్రి పెట్టెను ఫ్రిజ్ కింది అరలోకి మార్చి, మరునాడు ఊపి చూసినప్పుడు లోపల మంచు పలుకులు ఇంకా తగులుతుండగానే చిలకడం మొదలుపెట్టాలి. పూర్తిగా కరిగి గది వేడికి వచ్చిందంటే ఎంతసేపు బీటర్ తిప్పినా అది పొంగదు. గిన్నెను, బీటర్ పుల్లలను కూడా చల్లబరిచి, బీటర్ ఎత్తినప్పుడు క్రీమ్ కొస నిలబడి కొద్దిగా వంగే దశలో ఆపేయాలి. కత్తితో పూసేటప్పుడు అది ఇంకాస్త గట్టిపడుతుంది కనుక, గిన్నెలోనే పూర్తిగా బిగిస్తే కేకుపై గరుకుగా, పొక్కులుగా కనిపిస్తుంది. చక్కెర అందులోనే ఉంటుంది, మళ్లీ వేయనక్కర్లేదు. రుచి విషయంలో మాత్రం దీనికి తక్కువ మార్కులే వేస్తాను. ఇది చాలావరకు పామ్ కెర్నెల్ వంటి నూనెతో చేసినది కావడం వల్ల అంగిలికి పల్చని జిడ్డు పొర అంటుకుంటుంది. 2022 జనవరి నుంచి ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదన్న నిబంధన వచ్చినా, సంతృప్త కొవ్వు మాత్రం ఎక్కువే. పాల క్రీమ్ రుచిలో ఎంతో మెరుగైనా మే నెలలో కొవ్వొత్తులు వెలిగించేలోపే జారిపోతుంది.

థీమ్‌ను పైపొరలో కాకుండా ఆకారంలో చూపించడం మేలని నాకు తెలిసివచ్చింది ఎర్ర బస్సు కేకుతో. దానికి ప్రత్యేకమైన అచ్చు ఏదీ అక్కర్లేదు. బ్రెడ్ టిన్నులో కాల్చిన కేకును రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పైనున్న రెండు అంచులను రంపపు పళ్ల కత్తితో కొద్దిగా గుండ్రంగా చెక్కితే బస్సు ఆకారం వచ్చేస్తుంది. పొడి రాలకుండా ముందు పల్చగా ఒక పూత వేసి, అరగంట చల్లబరిచాకే అసలు పూత వేయాలి. చక్రాలకు చాక్లెట్ క్రీమ్ బిస్కెట్లు, కిటికీలకు ఫాండెంట్ ముక్కలు వాడాను. ముందుభాగాన వేఫర్ కాగితంపై (పిండితో చేసిన తినదగిన పల్చని కాగితం) తినదగిన సిరా పెన్నుతో ‘కాకినాడ - యానాం’ అని రాసి అతికించాను. మా వాడు పట్టుబట్టి వెనుక నిచ్చెన కూడా పెట్టించాడు. గుడ్డు లేని కేకు అయితే మెత్తగా ఉండి చెక్కేటప్పుడు విరుగుతుంది, కాబట్టి దాన్ని ఇంకా ఎక్కువసేపు చల్లార్చాలి.

ఎరుపు రంగు వేరే తలనొప్పి. తెల్లని క్రీమ్‌లో జెల్ రంగు ఎంత వేసినా మొదట గులాబీ రంగే కనిపిస్తుంది. కొన్ని గంటలు ఆగితే దానంతటదే ముదురుతుంది. ఆ ఓపిక లేక ఇంకా ఇంకా పోస్తే చేదెక్కుతుంది, పిల్లల నాలుకలూ ఎర్రబడతాయి. లోపలి పొరలన్నీ తెల్లగా ఉంచి బయటి పూతకే రంగు వేస్తాను. ద్రవ రంగులు క్రీమ్‌ను పల్చబరుస్తాయి కనుక వాటిని కొనవద్దు. ఏ రంగు, ఏ మెరుపు పొడి కొన్నా ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉందో లేదో చూడాలి. అలంకరణ సామాన్ల దుకాణాల్లో ‘విషం కాదు’ అని రాసి అమ్మే మెరుపు పొడి తినేందుకు ఉద్దేశించినది కాదు.

బొమ్మ ముద్రించిన తినదగిన షీట్లలో పంచదార షీటు క్రీమ్‌లో చక్కగా కలిసిపోతుంది, వేఫర్ షీటు తడికి ముడతలు పడుతుంది. చవక కదా అని వేఫర్ షీటు తీసుకుంటే బస్సు బోర్డు లాంటి చిన్న ముక్కలకే వాడాలి.

కేకు ఇంట్లోనే కోస్తారంటే ఈ పద్ధతిని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. ఎండాకాలంలో ఏసీ లేని ఫంక్షన్ హాలుకు కారులో తీసుకెళ్లాల్సి వస్తే మాత్రం క్రీమ్ పూసిన కేకు వద్దు, ఫాండెంట్ కేకు కూడా వద్దు. పైన చాక్లెట్ గనాష్ (చాక్లెట్‌ను వేడి క్రీమ్‌లో కరిగించిన పూత) పోసిన మామూలు గుండ్రని కేకుపై ఆరిన బొమ్మలను అక్కడికి వెళ్లాక అమర్చుకోవచ్చు. బొమ్మలను నిలబెట్టడానికి గుచ్చిన టూత్‌పిక్‌లను కేకు కోయకముందే లెక్కపెట్టి తీసేయాలి.