శిలాజాల మీద మక్కువ ఉంటే డిగ్రీలో ఏది మేలు: జియాలజీయా, బయాలజీయా, నేరుగా పేలియాంటాలజీయా?

డైనోసార్ల పిచ్చి చాలామంది పిల్లలకు వయసుతో పాటే దిగిపోతుంది. దిగనివాళ్లు హైస్కూల్ దాటే వేళకు ఇంట్లో అసలు టెన్షన్ మొదలవుతుంది. డిగ్రీలో ఏం చేర్పించాలి? శిలాజాలను చదివే శాస్త్రమైన పేలియాంటాలజీకి చాలా యూనివర్సిటీల్లో విడిగా డిపార్ట్‌మెంట్ ఉండదు. ఒకచోట జియాలజీ వాళ్లు చెబుతారు, ఇంకోచోట బయాలజీ వాళ్లు. అందుకే తొందరగా ఆలోచించడం మంచిదే. తొందరగా ఒకే గాడిలో పడిపోవడం మాత్రం మంచిది కాదు.

దవడ ఎముక ముక్క ఒకటి దొరికిందనుకుందాం. జియాలజీ చదివినవాడు ముందు దాని చుట్టూ ఉన్న రాతిని చూస్తాడు. ఇది నది ఇసుకా, సముద్రపు బురదా, పొర వయసెంత, ఎముక ఇక్కడే పూడిందా, నీటికి కొట్టుకొచ్చిందా అని ఆలోచిస్తాడు. బయాలజీ చదివినవాడు పళ్లు చూస్తాడు. ఏం తినేది, ఏ జంతువుకు చుట్టం, కండరాలు ఎక్కడ అతుక్కునేవి అన్నవి అతని ప్రశ్నలు. రెండూ కావాల్సిందే. కానీ డిగ్రీ ఒక్కటే.

టిక్టాలిక్ కథ ఈ విషయంలో నాకు బాగా నచ్చుతుంది. చేపలకూ నాలుగు కాళ్ల జంతువులకూ మధ్య వారధిగా చెప్పే శిలాజం అది, వయసు సుమారు 37.5 కోట్ల ఏళ్లు. దాని కోసం శిలాజ శాస్త్రవేత్తలు నీల్ షుబిన్, టెడ్ డేష్లర్ కెనడా ఉత్తర కొసకు పోవడం గుడ్డిగా జరగలేదు. ఒక జియాలజీ పాఠ్యపుస్తకంలోని పటంలో సరైన వయసున్న, నదీ నిక్షేపాలతో ఏర్పడిన రాళ్లు అక్కడున్నాయని చూసి వెళ్లారు. కొన్నేళ్లు తిరిగాక 2004లో దొరికింది. అయితే ఆ ఈత రెక్కలో మణికట్టును పోల్చుకోవడానికి అనాటమీ కావాలి. షుబిన్ వైద్య విద్యార్థులకు అనాటమీ పాఠాలు చెప్పిన మనిషి. ఎక్కడ తవ్వాలో రాయి చెప్పింది, దొరికిందేమిటో ఎముక చెప్పింది.

అయినా ఒకటే ఎంచుకోమంటే నా ఓటు జియాలజీకే. ముఖ్య కారణం ఉద్యోగం. పరిశోధనకు పీహెచ్‌డీ తప్పనిసరి లాంటిదే. డిగ్రీతో కలిపితే ఎనిమిది, పదేళ్లు పడుతుంది, ఆ తర్వాత కూడా మ్యూజియంలలో, యూనివర్సిటీల్లో ఖాళీలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉంటాయి. మధ్యలో మనసు మారినా జియాలజీవాళ్లకు భూగర్భ జలాలు, గనులు, పర్యావరణ సర్వేల దారి ఉంటుంది. కంటికి ఆనని ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల శిలాజాలతో రాతిపొరల వయసు తేల్చే పని చమురు అన్వేషణలో చాలాకాలంగా ఉంది. పైగా జియాలజీ డిగ్రీలో ఫీల్డ్ పని ఎలాగూ ఉంటుంది. మ్యాప్ గీయడం, పొరలు కొలవడం తర్వాత ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. అనాటమీ కోర్సు మాత్రం పక్క డిపార్ట్‌మెంట్‌లో రెండు సెమిస్టర్లు తీసుకోవచ్చు.

బయాలజీ ఎవరికి మేలంటే, రాళ్లంటే అస్సలు గిట్టనివాళ్లకు, పరిణామం, వంశవృక్షాలు, సీటీ స్కాన్‌లో పుర్రె లోపల చూడటం అంటే కళ్లు మెరిసేవాళ్లకు. స్టాటిస్టిక్స్, కాస్త కోడింగ్ రాకపోతే ఈ దారిలో ఇబ్బందే. నిజానికి ఏ దారిలోనైనా ఇబ్బందే, అవి స్కూల్లోనే మొదలుపెట్టడం మంచిది.

ఇక నేరుగా పేలియాంటాలజీ పేరుతో ఉన్న డిగ్రీలు. బ్రిటన్‌లో బ్రిస్టల్, పోర్ట్స్‌మత్ లాంటి కొన్నిచోట్ల ఉన్నాయి. పేరు చూసి పడిపోకండి. ఆ కోర్సులో జియాలజీ, జువాలజీ, ఫీల్డ్ పని ఎంతెంత ఉన్నాయో సిలబస్ తెరిచి చూడండి. మూడూ గట్టిగా ఉంటే సరే. మక్కువ ఏళ్ల తరబడి నిలిచిందని నమ్మకమున్న పిల్లలకే ఇది.

ఆ నమ్మకం కుదరాలంటే డిగ్రీకి ముందే ఒక సెలవుల్లో మ్యూజియం ప్రిపరేషన్ ల్యాబ్‌లో సహాయకులుగా చేరే వీలుందేమో అడగండి. మైక్రోస్కోప్ కింద సూదితో రాతి రవ్వలు ఒక్కొక్కటే తొలగిస్తూ పొద్దంతా కూర్చోవాలి. సాయంత్రానికి బయటపడేది చిటికెన వేలి గోరంత ఎముక. అది చూసి విసుగు రాకపోతే మూడో దారి గురించి అప్పుడు మాట్లాడుకోవచ్చు.